25 ఏళ్ళు ఎదురుచూసిన కూపర్ నిజంగా తిరిగొచ్చినాడా? ‘ట్విన్ పీక్స్’ 18 భాగాలూ చూసినోళ్ళు చెప్పండి

బాలాజీ కాలనీ జిరాక్స్, తిరుపతి

‘ట్విన్ పీక్స్’ అనే అమెరికా టీవీ సీరియల్ 2017లో మళ్ళా వచ్చింది కదా, పోయిన ఆదివారం రాత్రి ఒకటిన్నరకు దాని పద్దెనిమిదో భాగం అయిపోయింది. అప్పటి నుంచి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇంట్లో చెప్పుకుందామంటే వినేవాళ్ళు లేరు. అందుకే ఇక్కడ అడుగుతా ఉండాను.

ముందు నా సంగతి కొంచెం చెప్పాల. మా నాయనకు లీలామహల్ దగ్గర వీడియో క్యాసెట్ల షాపు ఉండేది. 1994లో ఒక పెద్దాయన ఆరు క్యాసెట్లు సంచీలో పెట్టుకోని వచ్చి, ‘మావాడు అమెరికా నుంచి తెచ్చినాడు, మా ఇంట్లో ఆడటం లేదు, ఏమో చూడప్పా’ అని ఇచ్చిపోయినాడు. 1990లో మొదలైన పాత ‘ట్విన్ పీక్స్’, అక్కడి టీవీలో నుంచి రికార్డు చేసినవి. మధ్యమధ్యలో కార్ల ప్రకటనలు గూడా ఉండాయి. మామూలు వీసీఆర్‌లో పెడితే బొమ్మ రంగు లేకుండా పైకి పాక్కుంటా పోయేది. టీవీ బొమ్మ పద్ధతి వాళ్ళది ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్ కదా. మా షాపులో రెండూ ఆడించే మల్టీసిస్టం డెక్కు ఒకటి ఉండబట్టి సరిపోయింది. ఐదో క్యాసెట్టుకు బూజు పట్టింది. నాయన దాన్ని బోర్లా పెట్టి ఐదు స్క్రూలూ విప్పి, స్పిరిట్‌లో ముంచిన దూదితో టేపును జానెడు జానెడు తుడుస్తా రెండు రాత్రులు కూర్చున్నాడు. ఆ దూది తేనె రంగు తిరిగేది. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తు.

షట్టరు సగం దించి నేనూ అన్నా చూసేవాళ్ళం. నాకు ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది, మిగతాది అన్న చెప్పేవాడు. ప్లాస్టిక్ కాగితం చుట్టిన లారా పాల్మర్ అనే పిల్ల శవం, ఆ దుంగనెత్తుకున్న ఆడమనిషి, ఆ చావు సంగతి తేల్చడానికి వచ్చిన ఎఫ్‌బీఐ మనిషి కూపర్, కాఫీ తాగినప్పుడల్లా ఆయన ముఖంలో వచ్చే ఆ సంతోషం. కొండలూ, అడివీ, జలపాతం చూస్తా ఉంటే నాకు తలకోన గుర్తొచ్చేది. ఇంత మంచి మనిషి మన ఊరికి ఒక్కడు వస్తే బాగుండు అనుకునేదాన్ని. ఆఖరు క్యాసెట్టులో ఏమైందో చూసినోళ్ళకు తెలుసు. ఎర్ర తెరల గదిలో లారా ‘25 ఏళ్ళ తర్వాత మళ్ళీ కలుస్తా’ అంటుంది. ఆ తర్వాత బాత్‌రూములో పేస్టు మొత్తం పిండేసి, అద్దానికి తల కొట్టుకోని నవ్వేది మన కూపర్ కాదు. అసలు మనిషి ఆ గదిలోనే ఉండిపోయినాడు. నేను ఏడ్చినా. మా అన్న ఆ క్యాసెట్టు లేబుల్ మీద పెన్నుతో ‘మిగతాది 2016లో’ అని రాసినాడు.

ఒక్క సంవత్సరమే తేడా. 2014లో మళ్ళీ తీస్తామని ప్రకటించినారు. 2015లో డబ్బు దగ్గర తేడా వచ్చి దర్శకుడు డేవిడ్ లించ్ తప్పుకున్నాడు. నటులు కొందరు కలిసి ఆయన లేకుండా వద్దని వీడియో పెట్టినారు, మళ్ళా వచ్చినాడు. తొమ్మిది అనుకున్నది పద్దెనిమిది భాగాలైంది. 2017 మే 21న మొదలైంది. నేనూ మొదలుపెట్టినా. నాలుగో భాగం దగ్గర ఆపేసినా. నా కూపర్ కరెంటు ప్లగ్గులో నుంచి బయటికొచ్చి, డగ్గీ జోన్స్ అనే ఎవరో మనిషి స్థానంలో మాట రాక, నడక రాక, ఎదుటివాళ్ళ మాట ఆఖరు ముక్కే అంటా తిరగతా ఉంటే చూడలేకపోయినా. మా పెద్దమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు అట్లే ఉండేది.

2025 జనవరిలో లించ్ పోయినాడని తెలిసినాక ఇంక చూడకుండా ఉండకూడదనిపించింది. డిస్కుల పెట్టె తెప్పించుకోని, రోజూ షాపు మూసినాక ఒక భాగం చొప్పున చూసినా. పదహారో భాగంలో ఆసుపత్రి మంచం మీద కూపర్ లేచి కూర్చుని, నేనే ఎఫ్‌బీఐ అన్నప్పుడు, ఆ పాత సంగీతం వచ్చినప్పుడు నేను లేచి నిలబడినా. నిజంగా లేచినా. అంతే, ఇంక రెండు భాగాల్లో అన్నీ సర్దుకుంటాయనుకున్నా.

మరి ఆ పద్దెనిమిదో భాగం ఏంది? లారాను చావు నుంచి తప్పించి, ఆ తర్వాత ఎక్కడో టెక్సస్ రాష్ట్రం ఒడెస్సాలో, క్యారీ పేజ్ అనే పేరుతో ఉండే ఆమెను రాత్రంతా కారులో తీసుకొస్తాడు. పాల్మర్ ఇంటి తలుపు కొడితే ఎవరో ఆవిడ తీసి, అట్లాంటి వాళ్ళెవరూ ఇక్కడ లేరంటుంది. రోడ్డు మీదికొచ్చి ‘ఇది ఏ సంవత్సరం’ అంటాడు. ఆమె అరుస్తుంది. దీపాలు పోతాయి. అయిపోయింది.

నేను అడిగేది ఒక్కటే. మనం ఎదురుచూసిన మనిషి వచ్చినాడా, రాలేదా? మీకేమనిపించింది? పుస్తకాల్లో రాసే అర్థాలొద్దు, చూసినప్పుడు మీ మనసుకు ఏమైందో అది చెప్పండి.

మురకంబట్టు లైన్‌మన్, చిత్తూరు

అక్కా, నేను మీకు పూర్తిగా రివర్సు. ముందు 2017లో వచ్చిందే చూసినా, 1990ది తర్వాత చూసినా. నాకు వయసు ముప్పైరెండు. నేను దీన్ని సబ్‌స్టేషన్‌లో నైట్ డ్యూటీలు చేస్తా చూసినోణ్ణి, అందుకే నాకు వేరే మాదిరి పట్టింది.

ఆ సీరియల్ మొత్తం ఒక మోత ఉంటుంది, గమనించినారా? ఎవరూ మాట్లాడనప్పుడు గూడా సన్నగా గుంయ్‌మంటా ఉంటుంది. నేను మొదటి రోజు ఇయర్‌ఫోన్ తీసి చూసినా, మా ట్రాన్స్‌ఫార్మర్ మోతేమో అని. కాదు. మన కరెంటు సెకనుకు 50 సైకిల్స్ కాబట్టి మన ట్రాన్స్‌ఫార్మర్ 100లో మోగుతుంది. వాళ్ళది 60, కాబట్టి 120. ఆ తేడా మాకు చెవికి తెలిసిపోతుంది. ఇంకొకటి చెప్తా. 6 అంకె ఉండే కరెంటు స్తంభం ఒకటి పదేపదే కనపడతుంది. పిల్లోడు ట్రక్కు కింద పడే చోట అదే, ట్రైలర్ పార్కులో అదే, ఆఖరుకు ఒడెస్సాలో క్యారీ ఇంటి ముందర గూడా అదే. మామూలు మనుషులు స్తంభం మీద నంబరు చూడరు, మేం ముందు అదే చూస్తాం. ఒకే నంబరు రెండు ఊర్లలో చూసేసరికి నాకు వెన్ను జలదరించింది.

ఎనిమిదో భాగం గురించి చెప్పకుండా ఉండలేను. 1945 జులై 16, తెల్లారి 5:29, న్యూ మెక్సికో. మొదటి అణుబాంబు పరీక్ష. కెమెరా ఎంత నిదానంగా ఆ మేఘం లోపలికి పోతుందంటే, మనమే పోతా ఉన్నట్టుంటుంది. వెనక పెండెరెట్‌స్కీ అనే పోలండ్ సంగీతకారుడు 52 తంత్రీవాద్యాలకు కట్టి, హిరోషిమాలో చచ్చిపోయినోళ్ళకు అంకితం చేసిన సంగీతం. అమెరికాలో అది వచ్చిన తర్వాత రెండు వారాలు ఇంకో భాగం లేదంట. రెండు వారాలూ జనం దాని గురించే మాట్లాడుకున్నారంట. నాకైతే అది అయిపోయినాక యార్డులోకి పోవడానికి కాళ్ళు ఆడలేదు. ఆ భాగంలో వచ్చే మసి పూసుకున్న మనుషులు బ్రేకర్ వెనకాల నిలబడి ఉంటారేమో అని.

ఇంక మీ ప్రశ్న. నాకు ఆ ఆఖరు అరుపు వినంగానే రిటర్న్ సప్లై గుర్తొచ్చింది. మేం ఎల్‌సీ, అంటే లైను ఆపినామనే అనుమతి తీసుకోని, లైను చచ్చింది అని తేల్చుకున్నాకే స్తంభం ఎక్కుతాం. కానీ ఏదో ఒక ఇంట్లో జనరేటరు సరిగ్గా కలపకుండా వేసుకోని ఉంటే, చచ్చిందనుకున్న లైన్లోకి ఆ పక్క నుంచి కరెంటు వెనక్కి వస్తుంది. మా జతగాడు ఒకడు అట్లే పోయినాడు. కింద నేనే ఉన్నా. క్యారీకి ఏమీ గుర్తు లేదు, లారా అనే లైను ఎప్పుడో కట్ చేసినారు. ఇంట్లో నుంచి వాళ్ళమ్మ గొంతు సన్నగా ‘లారా’ అని వినపడుతుంది, చూసినారా? అంతే, మొత్తం ఒక్కసారిగా వెనక్కి వచ్చింది. ఆ ఇంటి దీపాలు పోయింది అందుకే. నేను ఆ అరుపును నమ్ముతా అక్కా. ఆమె తిరిగొచ్చింది. కూపర్ సంగతి నాకు తెలీదు.

చంద్రగిరి కోట వీధి

అందరూ పొగుడుతా ఉండారు కాబట్టి నేను మనసులో మాట చెప్తా. నాకు కోపం వచ్చింది, ఇంకా ఉంది.

రహస్యం విప్పకపోతే నాకేం బాధ లేదు. 1990 నవంబరులో చానెల్ వాళ్ళ ఒత్తిడికి లారాను ఎవరు చంపినారో చెప్పేసినాకే కదా ఆ సీరియల్ జావగారిపోయింది. అది నాకు తెలుసు. బార్లో మనిషి చీపురు పట్టుకోని రెండు నిమిషాలపైన ఊడుస్తానే ఉంటే గూడా ఓపిగ్గా చూసినా, బాగుంది గూడా. నా బాధ ఆడ్రీ గురించి. పాత దాంట్లో కూపర్‌ను ఇష్టపడే పిల్ల ఆడ్రీ అంటే నాకు ప్రాణం. పన్నెండో భాగం దాకా ఆమె రానేలేదు. వచ్చినా ఒక గదిలో మొగుడనే మనిషితో బిల్లీ, బిల్లీ అని కొట్లాట. పదహారో భాగంలో ఆమె పాత డాన్సు మళ్ళా చేస్తుంది. నా కళ్ళు తడిసినాయి. అంతలోనే తెల్లటి గదిలో అద్దం ముందర భయపడిపోయి నిలబడి ఉంటుంది. ఆ తర్వాత ఆమె ఊసే లేదు. బతికిందా, పిచ్చాసుపత్రిలో ఉందా, కలా? 25 ఏళ్ళు ఎదురుచూసిన మనిషిని అట్లా గదిలో వదిలేసి పోతారా? అది లోతు కాదు, నిర్దయ. అక్కా, మీ కూపర్ వచ్చినాడో లేదో గానీ నా ఆడ్రీ మాత్రం రాలేదు.

అవిలాల

అమ్మా, నాకు యాభైఎనిమిదేళ్ళు. నేను మాట్లాడేది సినిమా మాట కాదు, మన ఊరి మాట.

మే నెల మనకు గంగమ్మ జాతర నెల. 2017లో జాతర ముగిసిన కొన్నాళ్ళకే ఇది మొదలైంది. మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో చూస్తా ఉంటే నేను పక్కన కూర్చున్నా. వాడు ‘నాయనా, నీకర్థం కాదులే’ అన్నాడు. నాకు మొదటి రోజే అర్థమైంది. ఇది వేషాల కథ.

జాతర కథలో ఆడవాళ్ళను చెరిచే పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కున్నాడు. అమ్మవారు వాణ్ణి బయటికి రప్పించడానికి రోజుకో వేషం వేసుకోని వీధులన్నీ తిరిగింది. బైరాగి, బండ, తోటి, ఆ తర్వాత దొర. దొరను చూసి పెద్దమనిషి వచ్చినాడని పాలెగాడు బయటపడినాడు, తల తెగింది. నేను చిన్నప్పటి నుంచి మా అమ్మ మొక్కు కొద్దీ బైరాగి వేషం వేసినోణ్ణి. ఒళ్ళంతా నామంసుద్ద పూస్తారు. ఆరేకొద్దీ చర్మం బిగుసుకుంటుంది, నవ్వితే బుగ్గ మీద పెచ్చు లేస్తుంది. చేతిలో వేపాకు. అప్పుడు మా వీధిలో వాళ్ళు నన్ను పేరు పెట్టి పిలవరు. బండ వేషమోళ్ళు బూతులు తిడితే పెద్దవాళ్ళు గూడా తలొంచుకోని పోతారు. ఎందుకు తిడతావని వేషాన్ని ఎవరూ అడగరు.

అదే మాదిరి కూపర్ ఒక్కడే, నల్ల తోలు జాకెట్టు వేసుకోని మనుషుల్ని చంపేవాడొక వేషం, పసిపిల్లాడి మాదిరి డగ్గీ ఒక వేషం, ఆఖరు భాగంలో మోటల్లో నిద్ర లేచేసరికి రిచర్డ్ అని చీటీ రాసిన వేషం ఇంకొకటి. అన్నీ కైల్ మెక్‌లాక్లన్ ఒక్కడే వేసినాడు. చూపు చూస్తేనే ఏ వేషమో చెప్పేయొచ్చు, అంత బాగా వేసినాడు. కానీ నన్ను పట్టుకున్న సంగతి వేరే. జాతరలో దొర వేషం రోజు పాలెగాడు చచ్చినా కథ అయిపోదు. మరుసటి రోజు మాతంగి వేషం ఉంది. ఆ తర్వాత సున్నపు కుండల వేషం. ఆఖర్న మట్టితో చేసిన అమ్మవారి విశ్వరూపం, తెల్లవారుజామున దాని చెంప నరికి, ఆ మట్టిని జనం ఇంటికి తీసుకుపోతారు. చంపినంత మాత్రాన ఊరు బాగైపోదు, దానికి ఇంకా పని ఉంటుంది. పదిహేడో భాగంలో ఆ దుష్టశక్తి బాబ్ ముక్కలైపోయినాడు, కూపర్ ఆడ ఆగి ఉండొచ్చు. ఆగలేదు. ఆ ఆడబిడ్డ దగ్గరికి పోయినాడు. వేషం తీసి స్నానం చేసుకునే తీరిక ఆయనకు దొరకలేదు, అంతే. నాకు ఆయన మీద కోపం రాలేదమ్మా, జాలేసింది.

కోట వీధి బాబుకు ఒక మాట. దుంగనెత్తుకునే ఆమె పదిహేనో భాగంలో ఫోనులో ఆ ఊరి పోలీసు హాక్‌తో ‘హాక్, నేను చచ్చిపోతా ఉండాను’ అంటుంది కదా. ఆ నటి క్యాథరీన్ కౌల్సన్‌కు నిజంగానే క్యాన్సరు. ఆ సన్నివేశాలు తీసిన కొన్ని రోజులకే, 2015 సెప్టెంబరులో పోయింది. ఆమె ముక్కులో ఆక్సిజన్ గొట్టం వేషం కాదు. ఆ ఫోను పెట్టేసినాక హాక్ అందరినీ ఒక గదిలోకి పిలిచి ఆమె పోయిందని చెప్పే పద్ధతి చూడండి, మన ఇళ్ళల్లో చెప్పినట్టే ఉంటుంది. అట్లా తీసినోణ్ణి నిర్దయ అనలేను.

బాలాజీ కాలనీ జిరాక్స్, తిరుపతి

అందరికీ దండాలు. రెండు రోజులుగా ఇవే చదువుకుంటా ఉండా. థీసిస్ బైండింగుకు వచ్చిన పిల్లోళ్ళను గూడా కాసేపు నిలబెట్టేసినా.

లైన్‌మన్ తమ్ముడూ, మీ జతగాడి సంగతి చదివి మనసు పాడైంది. ఆ అరుపు మళ్ళా విన్నా. మీరు చెప్పినాకే వాళ్ళమ్మ గొంతు నాకు వినపడింది. మొదటిసారి ఫ్యాను మోతలో పోయింది.

అవిలాల అన్నా, మీరు తీరిక దొరకలేదు అన్న మాట దగ్గర నాకు ఒకటి తెలిసొచ్చింది. మొదట రాసినప్పుడు చెప్పలేదు.

కొర్లగుంటలో మా ఇల్లు 2011లో అమ్మేసినాం. పంపకాల్లో నాకూ అన్నకూ మాటలు వచ్చినాయి. ఎనిమిదేళ్ళు మాటల్లేవు. నేను 2017లో నాలుగో భాగం దగ్గర ఆపేసినానని చెప్పినా కదా, డగ్గీ వల్లే అని ఇన్నాళ్ళూ అనుకున్నా. కానీ కూపర్ తిరిగొచ్చే రోజు పక్కన అన్న లేడు. అది గూడా ఉంది.

2019లో మా పాప పెళ్ళికి వదినే ముందుపడి మాటలు కలిపింది. పెళ్ళైన మరుసటి రోజు రాత్రి, భోజనాలైనాక, అన్న ‘ఒకసారి ఇంటి దాకా పోయొద్దాం రా’ అన్నాడు. స్కూటర్ మీద పోయినాం. మా మెట్లకు టైల్స్ వేసినారు. ముందర వేపచెట్టు లేదు. అన్న తలుపు కొట్టినాడు. చంటిబిడ్డను భుజాన వేసుకోని ఒకామె తీసింది. ఆమె వెనకాల గోడలో గూడు కనపడతా ఉంది, నాయన పాడైన క్యాసెట్లు బాగు చేయడానికి ఇంటికి తెచ్చి ఆ గూట్లోనే పెట్టేవాడు. దాంట్లో ఇప్పుడు బట్టల సోపు డబ్బా, పిల్లోడి మందులు. అన్న నాయన పేరు చెప్పి, వాళ్ళ ఇల్లేనా ఇది అన్నాడు. కాదండీ అంది. మీరు ఎవరి దగ్గర కొన్నారమ్మా అంటే మేం ఎప్పుడూ వినని పేరు చెప్పింది. మేం అమ్మినాయన పేరు గూడా ఆమెకు తెలీదు. బిడ్డ ఏడ్చింది. ఆమె మర్యాదగానే తలుపేసింది.

పాల్మర్ ఇంటి దగ్గర కూపర్ అడిగింది గూడా అదే. ఎవరి దగ్గర కొన్నారని. ఆమె చెప్పేది చాల్‌ఫాంట్ అనే పేరు.

అన్న మెట్లు దిగి రోడ్డు మధ్యలో నిలబడినాడు. అటూ ఇటూ చూసి, ‘మనం వచ్చింది మన వీధికేనా?’ అన్నాడు. నవ్వులాటకు కాదు. ఆ గొంతు నాకు తెలుసు. బోరింగు చూపించి, అదిగో ఉంది కదన్నా అన్నా. చేయి పట్టుకోని స్కూటర్ దగ్గరికి తీసుకొచ్చినా. పద్దెనిమిదో భాగంలో కూపర్ రోడ్డు మీద రెండడుగులు ముందుకేసి, కొంచెం వంగి, చేయి గాలిలో అట్లే పెట్టి నిలబడతాడు చూడండి. అచ్చం అట్లే నిలబడినాడు మా అన్న. ఆదివారం రాత్రి నాకు నిద్ర పట్టనిది దానికే అని ఇప్పుడు తెలుస్తా ఉంది.

కాబట్టి నా ప్రశ్నకు నా జవాబు ఇది. కూపర్ వచ్చినాడు. వచ్చేసరికి తలుపు తీసే మనిషి మారిపోయింది. 1994లో నేను కోరుకున్న రాక ఇది కాదు, కానీ ఇది అబద్ధం కాదు. కోట వీధి తమ్ముడూ, ఆడ్రీ విషయంలో మాత్రం నేను నీ పక్కే. ఆమెకు ఇంకొక్క సన్నివేశం ఇచ్చి ఉండాల్సింది.

నిన్న రాత్రి అన్నకు ఫోన్ చేసినా. ఆయన ఇప్పుడు హోసూరులో ఉండాడు. ఇది చూడలేదంట. ‘నేను గూడా నీతో కాకుండా చూడకూడదనుకున్నా’ అన్నాడు. ఆరో క్యాసెట్టు ఇంకా నా బీరువాలోనే ఉందని చెప్పినా. లేబుల్ మీద రాసింది గుర్తుందా అంటే, కొంచెంసేపు పలకలేదు. ‘సంవత్సరం తప్పు రాసినా గదా’ అన్నాడు. శనివారం తొమ్మిది గంటలకు ఇద్దరం ఫోను చెవిన పెట్టుకోనే మొదటి భాగం నుంచి మొదలుపెడతాం.

మురకంబట్టు లైన్‌మన్, చిత్తూరు

అక్కా, శనివారం నాకు డ్యూటీ లేదు. తొమ్మిదికే నేను గూడా పెడతా. అన్నకు చెప్పండి, ఇయర్‌ఫోన్ పెట్టుకోమని. ఆ మోత స్పీకర్లో సరిగ్గా రాదు.